భూకంపము పుట్టినచోటు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ, బుధవారము, ఉదయము 7 గంటల 27 నిమిషములకు గోదావరి లోయలో భూమి కదలినది. వరంగల్లు, ఖమ్మము మొదలుకొని ఇటు హైదరాబాదు, అటు విజయవాడ వరకు ఆ కదలిక జనులకు తెలిసినది. కూర్చున్న కుర్చీ ఊగినట్లు తోచి, అది తలతిరుగుడో నేలతిరుగుడో తేల్చుకొనలేక ఇరుగుపొరుగులను విచారించినవారు ఎందరో. తరువాత ఢిల్లీలోని జాతీయ భూకంపవిజ్ఞాన కేంద్రమువారి ప్రకటన వెలువడినది: ములుగు జిల్లాలో, 18.44 డిగ్రీల ఉత్తర అక్షాంశమును 80.24 డిగ్రీల తూర్పు రేఖాంశమును కలిసినచోట, భూతలమునకు 40 కిలోమీటర్ల లోతున, 5.3 పరిమాణము గల భూకంపము సంభవించినదని. సమ్మక్క సారలమ్మల గద్దెలున్న మేడారమునకు చేరువనున్న అడవి యది.

అంకెలు రెండేసి దశాంశస్థానముల వరకు పోయినవి గమనించితిరా? డిగ్రీలో నూరవవంతు అనగా నేలమీద ఇంచుమించు ఒక కిలోమీటరు. ఎక్కడనో ఢిల్లీలో కూర్చున్నవారికి ఇంత ఖచ్చితముగా ఈ అడవి ఎట్లు దొరకినది? లోతు సంగతి మరింత విడ్డూరము. మానవుడు భూమిలోనికి తొలిచిన రంధ్రములలో నెల్ల లోతైనది, రష్యాలోని కోలా ద్వీపకల్పమునందలిది, 12,262 మీటర్ల వద్ద ఆగిపోయినది. మరి 40 కిలోమీటర్ల అడుగున జరిగినదానిని చూచివచ్చినవారు ఎవరు? ఎవరును లేరు. ఆ చోటును గడియారముతో లెక్కకట్టిరి. ఆ లెక్క ఎట్టిదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో నేడు కొంత మనవి చేసెదను.

భూగర్భమున శిలలు చిరకాలము ఒత్తిడికి లోనై, ఒకానొక క్షణమున ఇక ఓర్వజాలక, ఏదో పాత బీటవెంబడి చటాలున జారుటచే భూకంపము పుట్టును. ఆ జారుడు మొదలైన బిందువు నాభి. దానికి నిట్టనిలువుగా పైన, మనము నడచు నేలమీదనున్న బిందువు అధికేంద్రము. పత్రికలలో భూకంపకేంద్రమని వ్రాయునది సాధారణముగా ఈ అధికేంద్రమునే.

యంత్రములు లేని కాలమున శాస్త్రజ్ఞునకు సాక్షి కూలిన గోడయే. 1857 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఇటలీ దక్షిణభాగమున, నేపుల్సు రాజ్యమునందు, ఘోరమైన భూకంపము వచ్చి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. రాబర్టు మాలెట్ అను ఐర్లండు ఇంజనీరు, లండనులోని రాయల్ సొసైటీవారి ద్రవ్యసహాయముతో అచటికి పోయి, ఆ కొండయూళ్ళ శిథిలములలో తిరుగుచు, గోడలలో బీటలు ఏ వాలున పడినవో, స్తంభములు ఏ దిక్కునకు ఒరిగినవో కొలిచి వ్రాసికొనెను. అల వచ్చి తాకిన దిక్కునకు అడ్డముగా గోడ పగులునని ఆయన తర్కము. ఒక్కొక్క యూరినుండి ఒక్కొక్క గీతను పటముమీద వెనుకకు లాగిచూడగా, అవి చాలవరకు ఒక ప్రాంతమున గుమిగూడినవి. అంతటితో తృప్తిపడక బీటల వాలునుబట్టి లోతును సైతము గణింప సాహసించెను. 1862లో ఆయన రెండు సంపుటములుగా ప్రచురించిన గ్రంథమును చూచినవారికి ఆ ఓపికకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును.

అయినను గోడ నిష్పక్షపాతియైన సాక్షి కాదు. మట్టితో పేర్చినది ఒక తీరున, సున్నముతో కట్టినది ఇంకొక తీరున పగులును. మెత్తని ఒండ్రునేలపై నున్న ఇల్లు, దూరమున నున్నను, రాతిపై నున్న దగ్గరి యింటికంటె ముందే కూలవచ్చును. పైగా నేల ఒక్క దిక్కుననే ఊగి ఊరకుండదు. క్రీస్తుశకము 132లో చీనాదేశపు జాంగ్ హెంగ్ నిర్మించిన కంచుపాత్ర, చుట్టునున్న ఎనిమిది డ్రాగన్లలో ఒకదాని నోటినుండి గుండు జారి క్రిందనున్న కప్పనోట పడగా, భూకంపము వచ్చిన దిక్కును మాత్రము తెలుపునదని ప్రతీతి. దిక్కు తెలిసినను దూరము తెలియదు. దూరము తెలియవలెనన్నచో కాలమును కొలువవలెను.

కాలమును కొలుచుటకు ఆధారమైన యంత్రము భూకంపలేఖిని, సీస్మోగ్రాఫు. దాని సూత్రము సులభము. ఒక చట్రమునకు బరువైన గుండును వ్రేలాడగట్టుదురు. నేల కదలినప్పుడు చట్రము దానితోబాటు కదలును. గుండు మాత్రము తన జడత్వముచేత ఉన్నచోటనే నిలువజూచును. ఆ రెండింటికి నడుమ కలుగు తేడాను ఒక ముల్లు, తిరుగుచుండు కాగితముమీద గీయును. పూర్వము ఆ ముల్లుకు కాగితపు రాపిడి అడ్డుపడకుండుటకు గుండు మిక్కిలి బరువుగా నుండవలసివచ్చెడిది. జర్మనీలోని గోట్టింగెన్ నగరమున ఎమిల్ వీఖెర్ట్ ఏకముగా 17 టన్నుల గుండుతో ఒకదానిని నెలకొల్పెను. నేటి ఎలక్ట్రానిక్ యంత్రమును ఒక మనిషి చంకన పెట్టుకొని పోవచ్చును. ఉత్తర దక్షిణముల ఊపును, తూర్పు పడమరల ఊపును, క్రిందుమీదుల ఊపును మూడు వేర్వేరు గీతలుగా అది నమోదు చేయును.

దూరభూకంపము ఇట్టి యంత్రమునకు చిక్కుట మొదట అనుకోకుండ జరిగినది. 1889 ఏప్రిల్ 17వ తేదీన జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఎర్నెస్టు ఫాన్ రెబర్ పాష్విట్జ్ అను ఖగోళశాస్త్రజ్ఞుని లోలకము అకారణముగా ఊగినట్లు గీత కనబడినది. కొంతకాలమునకు ఒక పత్రికలో, ఆనాడే జపానులో భూకంపము సంభవించినదను వార్తను ఆయన చదివెను. వేళలు పోల్చిచూడగా, జపానులో పుట్టిన అల భూమిని దాటి తన గదిలోని లోలకమును తాకినదని తేలెను. ఖండాంతరములలోని భూకంపమును ఇంట కూర్చుండి కనిపెట్టవచ్చునని లోకమునకు తెలిసినది అప్పుడే.

తరువాతి ఘట్టమునకు రంగస్థలము మన దేశము. 1897 జూన్ 12వ తేదీ సాయంకాలము అస్సాములో వచ్చిన మహాభూకంపమునకు షిల్లాంగులోని రాతికట్టడములన్నియు నేలమట్టమైనవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖలో ఉద్యోగియగు రిచర్డు డిక్సన్ ఓల్డ్‌హామ్ ఆ ప్రాంతములు తిరిగి బృహత్తరమైన నివేదికను వ్రాసి 1899లో ప్రకటించెను. ఆయన ప్రతిభ తేలినది శిథిలముల వర్ణనలో కంటె మరియొక చోట: అదే భూకంపమును ఇటలీ మొదలగు దేశములలోని యంత్రములు గీసిన గీతలను తెప్పించుకొని, వానిలోని గజిబిజిని ఓపికతో విడదీసి, అలలు ఒకదాని వెంట ఒకటిగా మూడు జట్లుగా వచ్చినట్లు గుర్తించెను. ఆ శాఖకే మొట్టమొదటి అధిపతియైన థామస్ ఓల్డ్‌హామ్ ఈయన తండ్రి. ఈ తండ్రికొడుకులకు భూకంపశాస్త్రము పడిన ఋణము మన పాఠ్యపుస్తకములలో తగినంతగా కనబడదని నా అభిప్రాయము.

ఆ మూడు జట్లలో మొదటిది పి తరంగము. శిల ఒకమారు ఒత్తుకొని ఒకమారు సాగుచు, అల పోవు దారిననే ముందు వెనుకలకు కదలును. ఘనపదార్థములో గాని ద్రవములో గాని ఇది పోగలదు. రెండవది ఎస్ తరంగము. ఇందు శిల, అల పోవు దారికి అడ్డముగా ఊగును. ద్రవములో ఇది చొరలేదు. మూడవది భూమి పైపొరను పట్టుకొని నిదానముగా ప్రాకివచ్చు ఉపరితల తరంగము. ఇండ్లను కూల్చుటలో వెనుకవచ్చు ఈ రెండింటికే పెద్ద వంతు. కేంద్రమును వెదకుటకు ప్రధానముగా అక్కరకు వచ్చునవి మొదటి రెండు. భూమి పైపొరలోని గట్టిశిలలో పి తరంగము సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ తరంగము సుమారు మూడున్నర కిలోమీటర్లు పోవును.

కాజీపేటలో ఒకే క్షణమున, ఒకే దారిని, ఒక ఎక్స్‌ప్రెసును ఒక పాసింజరును విడిచిరనుకొనుడు. బండ్లు ఎప్పుడు బయలుదేరినవో మనకు తెలియదు. కాని మనము నిలుచున్న స్టేషనునకు ఎక్స్‌ప్రెసు వచ్చిన ఎంతసేపటికి పాసింజరు వచ్చినదో చూచుకొని, వాని వేగములు తెలిసియున్నచో, కాజీపేట ఎంత దూరమో చెప్పగలము. దగ్గరి స్టేషనులో ఆ వ్యవధి తక్కువ, దూరపు స్టేషనులో ఎక్కువ. పి, ఎస్ తరంగముల లెక్కయు అక్షరాల ఇదియే. ఒక్కొక్క కిలోమీటరునకు ఎస్ తరంగము సెకనులో ఇంచుమించు ఎనిమిదవవంతు వెనుకబడును. కనుక రెండింటి నడుమ ఎన్ని సెకనులో అన్ని 8.4 కిలోమీటర్లు. సమీపభూకంపములకు చక్కగా పనిచేయు ఈ సూత్రమునకు జపాను శాస్త్రజ్ఞుడు ఒమోరి పేరు రూఢియైనది.

ఇప్పుడు శ్రోతలు తమ యెదుట మధ్యభారత, దక్షిణభారతముల పటమునొకదానిని పరచుకొన్నట్లు భావింపవలెను. హైదరాబాదులో, విజయవాడలో, నాగపురములో ఒక్కొక్క సీస్మోగ్రాఫు కలదనుకొందము. నిజముగా గణించినవారు వాడిన గీతలు వేరు కావచ్చును. ఇది నేను మన సౌకర్యమునకై పటముమీద వేసిన లెక్క. ములుగు భూకంపముచే హైదరాబాదు గీతలో పి తరంగము తాకిన సుమారు 26 సెకనులకు ఎస్ తరంగము తాకవలెను. అనగా దూరము 218 కిలోమీటర్లు. హైదరాబాదును కేంద్రముగా పెట్టుకొని వృత్తలేఖినితో అంత వ్యాసార్ధముగల వృత్తమును గీయుడు. భూకంపము ఆ వృత్తముమీద ఎచటనో పుట్టినది. ఎచటనో మాత్రము తెలియదు. చిత్రముగా విజయవాడకును దూరము ఇంచుమించు అంతే, 26 సెకనులే. రెండవ వృత్తమును గీయగా అది మొదటిదానిని రెండుచోట్ల ఖండించును. ఒకటి మేడారము అడవి. రెండవది ఎక్కడ పడునో చూడుడు: కృష్ణకు దక్షిణమున, నల్లమల తూర్పుటంచున, గిద్దలూరు ప్రాంతమున!

ఈ రెండు నగరములే గతియైనచో, ములుగునకు వెళ్ళవలెనో గిద్దలూరునకు వెళ్ళవలెనో సహాయమునకు పోవువానికి తెలియదు. నాగపురము గీత ఈ సంశయమును తీర్చును. అందు వ్యవధి సుమారు 39 సెకనులు, అనగా 325 కిలోమీటర్లకు కొంచెము హెచ్చు. గిద్దలూరు నాగపురమునకు 600 కిలోమీటర్లకు పైబడియుండును గనుక, దానికి ఒక నిమిషమునకు మించిన వ్యవధి రావలెను. మూడవ వృత్తము ములుగు వైపుననే పోవును. భూకంపకేంద్రము తెలియవలెనన్న కనీసము మూడు కేంద్రములైనను ఉండవలెనను నియమమునకు మూలమిది. పి తరంగపు తొలి త్రోపు యంత్రమును ఏ దిక్కునకు నెట్టినదో మూడు గీతలనుబట్టి చూచి, ఒక్క కేంద్రముతోనే దిక్కును దూరమును రెండింటిని చెప్పవచ్చునని రష్యా శాస్త్రజ్ఞుడు గాలిత్జిన్ నిరూపించెను గాని, అది నేర్పరి పని; మూడు నాలుగు సాక్ష్యములుండగా ఒక్కదానిపై ఆధారపడువారు అరుదు.

పటముమీద మూడు వృత్తములును ఒక్క బిందువున కలియునని చెప్పుట బడిపిల్లలకు బాగుండును. నిజమునకు అవి కలియవు. వాని నడుమ ఒక చిన్న త్రికోణము మిగిలిపోవును. ఒక కారణము లోతు: మనము కొలిచినది ఏటవాలుగా నాభివరకుగల దూరము, గీసినది నేలమీది వృత్తము. వేరొక కారణము శిల: హైదరాబాదు ప్రాంతపు గ్రానైటులోను, గోదావరి లోయలో బొగ్గుపొరలను ఇముడ్చుకొన్న ఇసుకరాతిలోను అల ఒకే వేగమున పోదు. వ్యవధితో గాక చేరిన వేళతో కట్టు లెక్కకు మూడవ చిక్కు గడియారము. గడియారము ఒక్క సెకను తప్పినచో పి తరంగపు లెక్కలో 6 కిలోమీటర్లు తప్పును. పూర్వము ఒక్కొక్క వేధశాల గడియారము ఒక్కొక్క వేళను చూపుచుండగా శాస్త్రజ్ఞులు పడిన పాట్లు ఇన్నియన్నియు కావు. 1910 నుండి పారిస్‌లోని ఐఫెల్ గోపురము వైర్‌లెస్సు ద్వారా కాలసంకేతములను ప్రసారము చేయసాగినది. ఇట్టి ప్రసారములు పెరిగినకొలది దూరదేశముల గడియారములు ఒక్క మాటమీదికి వచ్చినవి. ఆకాశవాణి శ్రోతలకు ఈ సంగతి చెప్పుటలో నాకు కొంత సంతోషము కలదు: మీ యెదుటనున్న ఈ యంత్రమునకు పూర్వజులు భూకంపశాస్త్రమునకు మొదటిసారిగా నమ్మదగిన గడియారమునిచ్చినవి. ఇప్పుడా పనిని కృత్రిమోపగ్రహములు చేయుచున్నవి.

వృత్తములు కలియనప్పుడు చేయవలసినదేమి? 1910లో గోట్టింగెన్‌లోని లూడ్విగ్ గైగర్ చెప్పిన ఉపాయమునే, ఎన్నో మెరుగులతో, నేటికిని కంప్యూటర్లు అనుసరించుచున్నవి. తెలియవలసినవి నాలుగు: అక్షాంశము, రేఖాంశము, లోతు, పుట్టినవేళ. మొదట ఆ నాలుగింటికి ఏవో విలువలను ఊహింతురు. ఆ యూహ నిజమైనచో ఒక్కొక్క కేంద్రమునకు అల ఎప్పుడు చేరియుండవలెనో గణింతురు. నిజముగా చేరిన వేళతో పోల్చగా ఒకచోట అర సెకను హెచ్చు, ఒకచోట రెండు సెకనులు తక్కువ, ఇట్లు తేడాలు వచ్చును. ఆ తేడాలన్నియు కలిసి తగ్గునట్లుగా ఊహించిన బిందువును కొంచెము జరుపుదురు; మరల గణింతురు; మరల జరుపుదురు. ఇక జరిపినను లాభము లేదను స్థితి వచ్చినప్పుడు ఆగుదురు. ఒకప్పుడు గుమాస్తాలు రోజులతరబడి చేసిన ఈ కూడికలు తీసివేతలు ఇప్పుడు కనురెప్పపాటులో ముగియుచున్నవి.

నాలుగింటిలో లోతే ఎక్కువ మొండిది. కేంద్రములన్నియు దూరమున నున్నప్పుడు నాభి పది కిలోమీటర్లు పైకి జరిగినను, పుట్టినవేళను కొంచెము సవరించుకొని, లెక్క ఎప్పటివలెనే సరిపోవును. నాభికి దాదాపు నెత్తిమీద ఒక యంత్రమున్నచో దీనికి కళ్ళెము పడును. దూరభూకంపములలో వేరొక చమత్కారము కలదు: నాభినుండి నేరుగా వచ్చు అల ఒకటి కాగా, ముందు పైకిపోయి భూతలమునకు తాకి ప్రతిఫలించి వచ్చు అల ఇంకొకటి, రెండింటి నడుమ వ్యవధియే లోతునకు కొలబద్ద. కొన్ని భూకంపములు భూమిలో వందలాది కిలోమీటర్ల అడుగున పుట్టునని జపానులో వదాతి 1928లో స్థాపించెను. ఢిల్లీని తరచుగా ఊపు హిందూకుష్ భూకంపములలో అనేకములు సుమారు 200 కిలోమీటర్ల లోతున పుట్టినవే. దూరము వేల కిలోమీటర్లైనప్పుడు అల భూగర్భమున ధనుస్సువలె వంగి వచ్చును గనుక 8.4తో గుణించు సూత్రము పనికిరాదు. దానికై జెఫ్రీస్, బుల్లెన్ అను ఇరువురు 1940లో ప్రకటించిన ప్రయాణకాల పట్టికలు దశాబ్దములపాటు ప్రపంచమంతటికి ప్రమాణమైనవి.

ఇంత శ్రమపడి కనుగొన్న బిందువునకు గల పరిమితిని చెప్పనిచో ఈ ప్రసంగము సగమే యగును. ఆ బిందువు శిలలు జారుట ఆరంభమైన చోటు మాత్రమే. ఆ జారుడు అక్కడ ఆగిపోదు. 2015 ఏప్రిల్ 25న నేపాలులో వచ్చిన 7.8 పరిమాణముగల భూకంపమునకు అధికేంద్రము గోర్ఖా జిల్లాలోని బార్‌పాక్ గ్రామ ప్రాంతము. అది కాఠ్మాండూకు వాయవ్యమున సుమారు 80 కిలోమీటర్ల దూరము. అచట మొదలైన చీలిక తూర్పునకు పరుగెత్తి, ఒక నిమిషము కాలములో ఇంచుమించు 150 కిలోమీటర్లు పోయినది. కాఠ్మాండూ దాని దారిలోనే యున్నది. హెచ్చు ప్రాణనష్టము పొందిన జిల్లా గోర్ఖా కాదు, కాఠ్మాండూకు ఆవలనున్న సింధుపాల్చోక్. 2004 డిసెంబరు 26 నాటి మహాభూకంపమునకు అధికేంద్రము సుమత్రా పడమటి తీరమునకు చేరువ. చీలిక మాత్రము ఉత్తరముగా అండమాను దీవుల దాక 1200 కిలోమీటర్లకు పైగా సాగినది. పటముమీద ఒక ఎఱ్ఱచుక్క పెట్టి, దాని చుట్టు వలయములు గీసి, చుక్కకు దగ్గరివారికి ఎక్కువ నష్టమనియు దూరపువారికి తక్కువయనియు చూపు టెలివిజను చిత్రములు, పెద్ద భూకంపముల విషయమున, సగము సత్యమును మాత్రమే చెప్పుచున్నవి.

అందుచేతనే 2004 తరువాత హైదరాబాదులో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రమున నెలకొల్పి, 2007 అక్టోబరు నుండి నడుపుచున్న సునామీ హెచ్చరిక విభాగమువారు, భూకంపము పుట్టిన నిమిషములలోనే కేంద్రమును గణించి, అంతటితో ఊరకుండక, పరిమాణమును సముద్రమట్టములను మరల మరల చూచుకొనుచుందురు. మొదటి నిమిషములలో చేతికందిన కొద్దిపాటి గీతలతో కట్టిన లెక్క, దూరకేంద్రముల గీతలు కూడ అందిన తరువాత మారుట సహజము. ఉదయము ఒక లోతు చెప్పి సాయంకాలము ఇంకొకటి చెప్పిరని పరిహసించుట తగదు, మార్చకుండుటయే తప్పగును.

చివరకు ఒక్క మనవి. మాలెట్ కాలము పోయినను మనుష్యుల సాక్ష్యము వృథా కాలేదు. యంత్రము లేని ఊరిలో నేల ఎట్లు ఊగినదో చెప్పగలవారు ఆ యూరివారే. ఈసారి ఎప్పుడైన భూమి కదలినట్లు తోచినచో, సురక్షితమైన చోటికి చేరిన పిమ్మట, గడియారము చూచి వేళను వ్రాసికొనుడు. ఎన్నవ అంతస్తున ఉంటిరో, ఏమి కదలినదో, ఏమి పడినదో, ఎంతసేపు ఊగినదో నాలుగు పంక్తులలో వ్రాసి జాతీయ భూకంపవిజ్ఞాన కేంద్రమునకు పంపుడు. ప్రజలనుండి ఇట్టి నివేదికలను వారు స్వీకరించుచున్నారు. ఏమియు తెలియకపోయినచో ఆ సంగతియు వ్రాయుడు. అదియు వారికి పనికివచ్చు సమాచారమే.